పెరట్లో చెక్క షెడ్డు: తడిస్తే తడవనివ్వండి, ఆరితే చాలు

పెరట్లో సామాన్లకు చెక్కతో చిన్న షెడ్డు వేసుకుంటానంటే హైదరాబాదులో వినిపించే మొదటి మాట ‘చెద పడుతుంది’. రెండోది ‘వెల్డింగ్ అతన్ని పిలిస్తే ఒక్కరోజులో రేకుల షెడ్డు లేపేస్తాడు’. మూడోది కాస్త జాలిపడి ఇచ్చే సలహా: ‘వేస్తే టేకుతో వెయ్యి, లేకపోతే మానెయ్యి’. వీటిలో రెండో మాటలోనే కొంత నిజముంది. స్కూటరుకు నీడ కావాలంటే ఇనుప యాంగిళ్లు, నాలుగు రేకులు చాలు, దానికి చెక్క దండగ. కానీ పనిముట్లు, ఎరువు బస్తాలు, కుండీలు పెట్టుకోవడానికి, గోడకు ఎక్కడంటే అక్కడ మొల కొట్టి తగిలించుకోవడానికి, ఎండాకాలం పొద్దున్నే లోపల నిలబడి పని చేసుకోవడానికి ఒక గది కావాలంటే చెక్కే మేలు. అది టేకు కానక్కర్లేదు.

నిజానికి ఈ ఊరి వాతావరణం కర్రకు పగ కాదు. ఏడాది మొత్తమ్మీద పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ జూన్ నుంచి సెప్టెంబరులోపే. మిగతా కాలమంతా కర్రను ఆరబెట్టే గాలే. కర్రను కుళ్లబెట్టే బూజు బతకాలంటే కర్రలో 20 శాతానికి పైగా తేమ ఉండాలి, అదీ రోజుల తరబడి నిలవాలి. పాత తెలంగాణ ఇళ్ల భవంతుల్లో కర్ర స్తంభం రాతి దిమ్మె మీద నిలబడుతుంది, మట్టిలోకి దిగదు. అదే కర్రను జానెడు లోతున పాతిపెడితే నేలమట్టం దగ్గర, తడీ గాలీ కలిసేచోట, ముందు మెత్తబడి తర్వాత విరుగుతుంది. కర్ర చెడేది తడవడం వల్ల కాదు, తడిసినచోట ఆరకపోవడం వల్ల. చెద కూడా అంతే. మన కంటపడకుండా కర్రదాకా దారి దొరికితేనే అది కాపురం పెడుతుంది. కాబట్టి షెడ్డులో ప్రతి కోతనూ, ప్రతి జాయింటునూ రెండు ప్రశ్నలు అడగాలి: ఇక్కడ నీళ్లు చేరితే ఎటు పోతాయి? ఇక్కడ చెద ఎక్కితే నాకు కనిపిస్తుందా? కర్ర జాతి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

లెక్క కోసం 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు షెడ్డు తీసుకుందాం. ముందు ఎత్తు ఏడున్నర అడుగులు, వెనక ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. ఒకవైపు వాలు కప్పు. ఈ కొలతలో ఒక సుఖముంది: 6, 8 భుజాలైతే కర్ణం సరిగ్గా 10 అడుగులు. దారం కట్టి రెండు కర్ణాలూ పదేసి అడుగులు వచ్చాయంటే మూలలు గుణియాకు, అంటే సరైన లంబకోణానికి, వచ్చినట్టే. కర్ణాల్లో అర అంగుళం తేడాను ఇక్కడ వదిలేస్తే అది కప్పు దగ్గర రేకు వంకరగా, గుమ్మం దగ్గర తలుపు ఇరుకుగా బయటపడుతుంది. కాంపౌండు గోడకు ఆనించి మాత్రం వేయకండి. హద్దు నుంచి ఎంత ఖాళీ వదలాలనే సెట్‌బ్యాక్ నిబంధనల సంగతి మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాల్సిందే. అది అలా ఉంచినా, గోడకూ షెడ్డుకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచే సందు, కనీసం రెండడుగులు, లేకపోతే ఆ వెనక గోడను మళ్లీ జన్మలో చూడలేరు. చెద ఎక్కేది అక్కడే.

ఇప్పుడు పాదాలు. ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, మామూలుగా అందరూ తొందరపడేదీ ఇక్కడే. కర్రను కాంక్రీటులో పాతితే గట్టిగా ఉంటుందని అనుకుంటారు. ఆరిన కర్ర కాస్త ముడుచుకుంటుంది, కాంక్రీటుకూ దానికీ మధ్య గోరంత సందు పడుతుంది, వాన నీళ్లు ఆ సందులో దిగి బయటికి రాలేక అక్కడే కూర్చుంటాయి. తారు పూసి పాతినా అదే కథ. లోపలికి వెళ్లిన తడిని తారు బయటికి రానివ్వదు.

మన దగ్గర దీనికి చవకైన మందు రాతి కడీ. పొలాల కంచెకు పాతే గ్రానైటు కడీలే. కడీలు అమ్మే చోట విరిగిన ముక్కలు విడిగా పడేసి ఉంటాయి. ఇంచుమించు 5 అంగుళాల మందం, రెండున్నర అడుగుల పొడవున్న ముక్కలు ఆరు ఏరుకోవాలి. నాలుగు మూలలకూ నాలుగు, 8 అడుగుల వైపుల మధ్యలో ఒక్కొక్కటి. 15 అంగుళాల చదరం, 18 అంగుళాల లోతు గుంతలు. కడీ ఒక అడుగు పైకి కనిపించేలా నిలబెట్టి చుట్టూ 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు. ఆరు గుంతలకూ కలిపి సిమెంటు రెండున్నర బస్తాలు, ఇసుక 6 ఘనపు అడుగులు, 20 మిల్లీమీటర్ల కంకర 12 ఘనపు అడుగులు పడుతుంది. కాంక్రీటు పైభాగం నేల కంటే కాస్త ఎత్తుగా, బయటికి వాలుగా తాపీతో దిద్దాలి. గిన్నెలా దిగితే కడీ చుట్టూ నీళ్లు నిలుస్తాయి.

ఎర్రమట్టి, మొరం నేలకు ఈ లోతు చాలు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి అయితే చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. షెడ్డు తేలిక కాబట్టి దాన్ని అటూ ఇటూ ఎత్తి కుదేస్తుంది. అక్కడ మూడడుగులు తవ్వి, కింది సగం మొరంతో నింపాలి. ఆరేసి అంగుళాల పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి, ఆపైన కడీ నిలపాలి. అయినా కొంత కదులుతుంది. దానికి మందు కింద చెప్పే నట్టులో ఉంది.

షెడ్డు నేలను మోసే దూలాన్ని కడీకి ఎలా బిగించాలి? వెడల్పయ్యే రకం యాంకర్ బోల్టు వద్దు. 5 అంగుళాల రాయిలో అది బిగిసేకొద్దీ రాయి చీలుతుంది. కడీ తల మధ్యలో 14 మిల్లీమీటర్ల బిట్టుతో 5 అంగుళాల లోతు రంధ్రం వేసి, 12 మిల్లీమీటర్ల మరల కడ్డీని కెమికల్ యాంకర్‌తో, అంటే కడ్డీని రాయికి పట్టి ఉంచే జిగురుతో, నిలబెట్టాలి. రంధ్రంలో రాతి పొడి మిగిలితే ఆ జిగురు రాయికి కాకుండా పొడికి అంటుకుంటుంది, చేత్తో లాగితే కడ్డీ ఊడివస్తుంది. సైకిలు పంపుతో ఊది, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ ఊదాలి. కడ్డీ గట్టిపడ్డాక కడీ తలకు జీఐ (జింకు పూత ఇనుము) రేకు టోపీ పెట్టాలి. రాయి కంటే రెండు అంగుళాలు బయటికి వచ్చి అంచులు కిందికి వంగినట్టుండాలి. కడ్డీ దూరిన రంధ్రం చుట్టూ సీలెంటు. చెద ఆ రేకును తినలేక కాదు ఇది పెట్టేది. అంచు చుట్టి పైకి రావాలంటే మట్టి గూడు బయటికి కట్టక తప్పదు, అప్పుడు మీకు కనిపిస్తుంది.

టోపీ పైన ఒక నట్టు, దాని మీద 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప బిళ్ల, దాని మీద దూలం, పైన మళ్లీ బిళ్ల, నట్టు. కింది నట్టు తిప్పితే దూలం లేస్తుంది, దిగుతుంది. ఆరు చోట్లా మట్టాన్ని, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చూసుకోవాలి. 8 అడుగుల దూరానికి చిన్న రసమట్టం కంటే అదే నమ్మకం. రాయికీ దూలానికీ మధ్య వేలు దూరేంత సందు మిగులుతుంది. దాన్ని సిమెంటుతో పూడ్చాలని చేతులు లాగుతాయి, పూడ్చకండి. దూలం ఆరేది ఆ సందులోనే. నల్లరేగడిలో ఒక మూల కుంగితే స్పానరుతో నట్టు తిప్పి సరిచేసుకునేదీ అక్కడే.

బరువు సంగతి అందరూ ఆలోచిస్తారు, గాలి సంగతి ఎవరూ ఆలోచించరు. కట్టడాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం హైదరాబాదుకు లెక్కలోకి తీసుకునే మూల గాలివేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగంతో ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోలు. చుట్టూ అడుగు చూరు వదిలితే మన కప్పు 10 అడుగులు, 8 అడుగులు, అంటే ఏడున్నర చదరపు మీటర్లకు కాస్త తక్కువ. తగ్గింపులేవీ లేకుండా మోటుగా లెక్కవేసినా గాలి పైకి లాగే బలం 880 కిలోల దాకా వస్తుంది. రేకుల బరువు 35 కిలోలు! వైశాఖంలో వచ్చే గాలిదుమారానికి రేకులు పక్కవాళ్ల మేడ మీద ఎందుకు తేలతాయో ఇక చెప్పక్కర్లేదు. మన కాంక్రీటు, కడీ కలిపి ఒక్కో పాదం 165 కిలోలకు పైనే, ఆరూ కలిసి వెయ్యి. కర్ర బరువు ఇంకో 300. లెక్క సరిపోయింది. కానీ ఆ బరువు రేకుదాకా అందాలి: రేకు నుంచి దాని కింద అడ్డంగా ఉండే రీపరు, రీపరు నుంచి వాసం, వాసం నుంచి నిలువు కర్రల తలల మీద పరిచే పై పట్టె, నిలువు కర్ర, కింది పట్టె, దూలం, కడ్డీ. ఈ గొలుసులో ఎక్కడ తెగినా కప్పు పోయినట్టే.

సాధారణంగా తెగేది నిలువు కర్ర తల దగ్గర. పట్టె మీదుగా నిలువు కర్ర కొనలోకి స్క్రూ దింపుతారు. కర్ర కొన అంటే నారలన్నీ కలిపి కట్టిన చీపురు లాంటిది. దాని పొడవునా దిగిన స్క్రూ పక్కకు నెడితే ఆగుతుంది గానీ పైకి లాగితే జారి వచ్చేస్తుంది. అందుకే ప్రతి నిలువు కర్రకూ పైనా కిందా, ప్రతి వాసానికీ 25 మిల్లీమీటర్ల వెడల్పు జీఐ పట్టీ చుట్టి, అటు మూడు ఇటు మూడు స్క్రూలు పక్కనుంచి వేయాలి. ఇదంతా మహా అయితే ఒక పూట పని.

స్క్రూల గురించి ఒక మాట. మన కార్పెంటర్లలో చాలామంది ప్రతిదానికీ నల్ల స్క్రూలే వాడతారు. అవి జిప్సం బోర్డుకు చేసినవి. గట్టివే, కానీ పెళుసు. పక్కబలం పడితే వంగకుండా తల తెగుతుంది. ఆ నల్లపూత ఒక్క వర్షాకాలానికి కూడా ఆగదు, తుప్పు చారలు గోడంతా దిగుతాయి. బయటి పనికి స్టెయిన్‌లెస్, లేకపోతే కనీసం జింకు పూత ఉన్నవి తీసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లలో డబ్బాల లెక్కన దొరుకుతాయి. పై చెక్క మందానికి రెండింతలు కింది చెక్కలోకి దిగాలి, అంటే అంగుళం పలకకు మూడంగుళాల స్క్రూ. నల్లమద్ది, సాల్ లాంటి గట్టి కర్రలో 4 మిల్లీమీటర్ల స్క్రూకు ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయకపోతే కర్రయినా చీలుతుంది, స్క్రూ మెడైనా తెగుతుంది. బట్టల సబ్బుకు స్క్రూ మొన ఒకసారి రాస్తే డ్రిల్లు మూలగదు.

కర్ర కొనడానికి వెళ్లినప్పుడు జాతి పేరు కంటే చేవ చూడాలి. మధ్యనుండే ముదురు రంగు భాగం చేవ. అంచుల్లో పాలిపోయి కనిపించే తెల్లకర్రలో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పట్టేది దానికే. తెల్లకర్ర సగం ఉన్న లేత టేకు కంటే నిండు చేవ ఉన్న నల్లమద్ది ఎన్నో రెట్లు నయం. డిపోవాళ్లు టేకు అనే మాటకు డబ్బు తీసుకుంటారు, చేవకు కాదు. ఇంకా మంచిది కూల్చిన పాత ఇళ్ల కర్ర: ఆరాల్సింది ఎప్పుడో ఆరింది, వంగాల్సింది వంగింది. కోయించే ముందు అయస్కాంతం పెట్టి పొడవునా తడమండి, లోపల విరిగిన మొల ఒక్కటి తగిలినా రంపం పళ్లు పోతాయి. ఏ కర్రనైనా ఒక కొన కంటికి ఆనించి బారుగా చూడండి. విల్లులా వంగితే చిన్న ముక్కలకు వాడుకోవచ్చు, మెలి తిరిగితే వదిలేయండి, దాన్ని ఏ స్క్రూ సరిచేయలేదు.

కావాల్సిన కొలతలివి. కింద రెండు దూలాలు 4×3 అంగుళాలు, ఎనిమిదేసి అడుగులు. వాటి మీద అడ్డంగా 16 అంగుళాలకొకటి చొప్పున 4×2 కర్రలు ఏడు, ఆరేసి అడుగులు. వాసాలు 4×2వి ఐదు, ఎనిమిదేసి అడుగులు. గోడల చట్రమంతా 3×2, మొత్తం 190 అడుగులు. రీపర్లు 2×1½, పదేసి అడుగులవి నాలుగు. పదో వంతు వృథా కలుపుకుంటే 16 ఘనపు అడుగులు. డిపోలో చెప్పే 3×2 కోత కొలత, రందా పట్టాక ఒక్కో వైపూ పావు అంగుళం పోతుంది. గోడ లోపల ఉండే కర్రకు రందా దండగ, కోత కర్రే వాడండి. నేలకు 19 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే రకం) ప్లైవుడ్ ఒకటిన్నర షీటు.

నిలువు కర్రలు 24 అంగుళాలకొకటి. ఈ అంకె ఊరికే రాలేదు. బయట కొట్టే సిమెంట్ ఫైబర్ బోర్డు 4 అడుగుల వెడల్పు, దాని అంచులు సరిగ్గా కర్ర నడుమన పడాలి. 8 మిల్లీమీటర్ల బోర్డులు ఏడు పడతాయి. బోర్డుకూ బోర్డుకూ మధ్య 3 మిల్లీమీటర్లు వదలాలి, అంచుకు 12 మిల్లీమీటర్ల లోపల స్క్రూ వేయాలి, మూలకు మరీ దగ్గరైతే పెచ్చు లేస్తుంది. కింది అంచు దూలం కంటే అంగుళం దిగితే నీటి చుక్క కర్ర మీదికి పాకకుండా బోర్డు నుంచే రాలుతుంది. బోర్డు కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. ఆరుబయట, మంచి మాస్కు పెట్టుకుని కోయండి, జేబురుమాలు చాలదు. ప్రతి గోడలోనూ ఒక ఏటవాలు కర్ర తప్పనిసరి. అది లేని చట్రం చూడటానికి గట్టిగానే ఉంటుంది, చేత్తో తోస్తే పేకముక్కల ఇల్లులా పక్కకు వాలుతుంది.

కప్పుకు ఆరడుగుల మీద తొమ్మిది అంగుళాల వాలు సరిపోతుంది. వాసాన్ని పట్టె మీద కూర్చోబెట్టడానికి గాడి కోస్తారు కదా, అది వాసం మందంలో మూడో వంతు దాటకూడదు. రేకు అర మిల్లీమీటరు మందం రంగు రేకు, తెలుపైతే మరీ మంచిది. మన వాన ఎక్కువగా పడమర, నైరుతి గాలితో వస్తుంది. అందుకని తూర్పు కొస నుంచి పరవడం మొదలుపెడితే అతుకుల నోళ్లు గాలికి ఎదురుగా కాకుండా వెనక్కు ఉంటాయి. రబ్బరు వాషరు స్క్రూలు రేకు గట్టు మీద వేయాలి, పల్లంలో నీళ్లు పారుతుంటాయి. రబ్బరు కాస్త ఉబ్బితే చాలు, పిండేసేలా బిగిస్తే రెండు ఎండాకాలాల్లో చిట్లిపోతుంది. పై పట్టెకూ రేకుకూ మధ్య రీపర్ల వల్ల వచ్చే సందును ముందూ వెనకా మూయకండి, ఎలుకలు రాకుండా జాలీ మాత్రం కొట్టండి. వేడి గాలి ఎత్తు వైపు నుంచి పోతుంది, పల్లం వైపు నుంచి కొత్త గాలి వస్తుంది. చూరు నీళ్లు పడేచోట అడుగు వెడల్పున కంకర పరవాలి. ఉత్త మట్టి అయితే చుక్కలు ఎగిరి గోడ మీద అడుగున్నర ఎత్తు దాకా బురద పూస్తాయి. ఆ బురద చాటున చెద గూడు కట్టినా గుర్తుపట్టలేరు.

కర్ర కొనలకు రెండుసార్లు రంగు పట్టించాలి, కోసిన వెంటనే, బిగించకముందే. నీళ్లను ఎక్కువగా తాగేది కొనే. మిగతా కర్రకు బోరాక్స్ ద్రావణం చాలు: 10 లీటర్ల గోరువెచ్చని నీటిలో బోరిక్ ఆమ్లం 400 గ్రాములు, బోరాక్స్ 600 గ్రాములు కరిగించి బ్రష్‌తో రెండు పూతలు. ఇది వానకు కడుక్కుపోతుంది కాబట్టి బయట పడే కర్రకు దీనిమీద రంగు వేయాలి. దూలాల అడుగు భాగానికి మాత్రం ఎనామిల్ వేయకండి, అవిసె నూనె పట్టించండి. పైనుంచి దిగిన తడి పోవడానికి ఒక ముఖమైనా తెరిచి ఉండాలి.

ఇక తలుపు. షెడ్డు ఎంత బాగా వచ్చినా తలుపు పడకపోతే మనిషి రోజూ తిట్టుకుంటాడు. నిలువు పలకలు, వెనక రెండు అడ్డపట్టెలు, ఒక ఏటవాలు పట్టె ఉండే మామూలు తలుపే చాలు. ఆ ఏటవాలు పట్టె కింది చివర కబ్జాల వైపు, పై చివర గడియ వైపు ఉండాలి. అప్పుడు తలుపు బరువు పట్టె గుండా కింది కబ్జా మీదికి దిగుతుంది. తిరగేసి వేస్తే బరువు పట్టెను ఈడుస్తుంది, స్క్రూలు సాగి గడియ మూల నేలకు రాసుకుంటుంది. నగరంలో గేట్లు, తలుపులు గమనిస్తే సగానికి సగం తిరగేసినవే కనిపిస్తాయి.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కర్ర ఎముకలా ఎండిపోయి ఉంటుంది. అప్పుడు ఆరంగుళాల పలకలు ఆరు ఒకదానికొకటి ఆనించి మూడడుగుల తలుపు చేశారనుకోండి. మృగశిర దాటి వానలు పట్టేసరికి ఒక్కో పలక అడ్డంగా రెండు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది, మొత్తం దాదాపు అర అంగుళం. పొడవు మాత్రం పెరగదు. పోవడానికి చోటు లేక తలుపు గుమ్మంలో బిగుసుకుంటుంది. అప్పుడు రందా పట్టి అంచు చెక్కేస్తారు, సంక్రాంతికి అదే తలుపు పక్కన వేలు దూరేంత సందు! ఎండాకాలంలో చేస్తే పలకల మధ్య రెండేసి మిల్లీమీటర్లు, గుమ్మానికి అటూ ఇటూ ఆరేసి మిల్లీమీటర్లు వదలండి. వానాకాలంలో చేస్తే పలకలు ఆనించేయండి, పక్కన మూడు చాలు. ఒక్కో పలకకు ఒక్కో అడ్డపట్టె దగ్గర ఒకే స్క్రూ, నడిమధ్యన. రెండు అంచుల్లోనూ బిగిస్తే ఉబ్బే దారిలేక పలక నిలువునా చీలుతుంది.

అంతా అయ్యాక ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ దీపావళి తర్వాతా, టార్చి పట్టుకుని నేల మీద పడుకుని షెడ్డు కింద చూడాలి. కడీల మీద, రేకు టోపీ అంచున పెన్సిల్ మందం మట్టి గీత కనిపిస్తే చీపురుతో దులిపి వదిలేయకండి, రెండో రోజుకు మళ్లీ కడుతుంది. గీతను కొంచెం తెరిచి లోపల చెద తిరుగుతోందో లేదో చూడాలి. ఉంటే ఆ కడీ చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వి, 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్‌ను లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్లు పోసి మట్టి కప్పేయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. బావి, బోరు దగ్గరలో ఉంటే ఈ మందు జోలికి పోకుండా గీత కట్టినప్పుడల్లా గీకేయడమే మేలు. షెడ్డు కింద మిగిలిపోయిన చెక్కముక్కలు, అట్టపెట్టెలు తోసి దాచకండి, చెదకు అంతకంటే మంచి విందు ఉండదు. టార్చి వెలుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డం లేకుండా పోవాలి.